ఏటా పెరిగే రాతి ద్వారం

"ఒకవేళ ఆ ద్వారం మీది రాయి ఊడి, సరిగ్గా మా అమ్మాయి నెత్తి మీదే పడితే?"

ఈ మాట నేను నిండు సభలో అన్నాను. మెల్లగా అందామనే అనుకున్నాను. కానీ నా గొంతు సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. నేను గుసగుసలాడితే ఎదురింటివాళ్ళు జవాబు చెబుతారు. సరిగ్గా అంతకు ముందే అధ్యక్షుల వారు లేచి నిలబడి, బల్ల మీద అరచెయ్యి ఆనించి, "నాగరికత నది ఒడ్డున పుట్టింది! అడవి నీడన పెరిగింది! మన సంఘం చేతుల్లో నిలిచింది!" అని ప్రకటించి, చప్పట్ల కోసం కాస్త చోటు వదిలారు. ఆ వదిలిన చోట్లో నా మాట పోయి పడింది. కొట్టబోయిన చేతులన్నీ గాలిలోనే ఆగిపోయాయి.

"ఎవరావిడ?" అన్నారు అధ్యక్షుల వారు.

"మన చిత్రకారిణి వాళ్ళమ్మగారండీ," అన్నారు కార్యదర్శి. "ప్రతి సమావేశానికీ వస్తారు. అమ్మాయి ఒక్కతే ఇంటికి వెళ్ళడం ఆవిడకి ఇష్టం ఉండదు."

"అమ్మా, ఆ రాతి ద్వారం వెయ్యేళ్ళుగా నిలబడే ఉంది."

"అదేనండీ నా భయం. వెయ్యేళ్ళు నిలబడ్డదానికి ఒక్క రోజైనా కాళ్ళు లాగవా?"

అమ్మాయి బల్ల కింద నుంచి నా మోకాలు గిల్లింది. నేను నోరు మూసుకున్నాను. భయం మాత్రం మూసుకోలేదు.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. పేపరు చదువుతాను, మందుల డబ్బా మీద రాసింది చదువుతాను, మెట్ల మీద 'జారుతుంది జాగ్రత్త' అని ఉంటే రెండుసార్లు చదువుతాను. అందుచేత నదీలోయ అటవీ వారసత్వ అన్వేషణ సంఘం గొప్పతనం వర్ణించడం నావల్ల కాదు. చూసింది చూసినట్టు చెబుతాను.

సంఘం పేరు బోర్డు మీద పట్టక 'అన్వేషణ సంఘం' అన్న మాటలు పక్క గోడ మీదికి తిరిగాయి. కింద టైర్ల దుకాణం. పైన ఎవరు ఎంత గంభీరంగా మాట్లాడుతున్నా మధ్య మధ్య కింద నుంచి గాలి కొట్టే చప్పుడు వస్తూ ఉంటుంది. హాలు నడుమ రాతి ద్వారం నమూనా ఉంది. సుద్దతో చేశారు. అసలు ద్వారం అడవిలో, నది మలుపు దగ్గర ఉందట. ఏ రాజులు కట్టించారో ఇంకా తేలలేదు. తేలకపోవడమే దాని ప్రాచీనతకి సాక్ష్యమని అధ్యక్షుల వారు ఒక పుస్తకమే రాశారు.

ఈ నమూనాకి ఒక విశేషం ఉంది. అది పెరుగుతుంది! సంఘం పెట్టిన కొత్తలో మనిషెత్తు ఉండేదట. తరువాత ద్వారం చూసొచ్చిన సభ్యుడు "మనిషి ఏమిటండీ, ఏనుగు దూరుతుంది" అన్నాడు. నమూనా పెంచారు. ఆ తరువాతాయన "ఏనుగు మీద అంబారీ కూడా దూరుతుంది" అన్నాడు. ఇంకాస్త పెంచారు. ముందు చూసినవాడికంటే తక్కువ చూశానని చెప్పుకోవడం ఎవరికి బాగుంటుంది? నిరుడు ద్వారం పోయి ఫ్యానుకి తగిలింది. ఫ్యాను పీకేశారు. ఇప్పుడు సభ్యులంతా చెమటలు తుడుచుకుంటూ వారసత్వాన్ని కాపాడుతున్నారు. ఈ ఏడు చూసొచ్చేవాళ్ళని తలచుకుని పై వాటాలో అద్దెకున్నాయన అప్పుడే ఇల్లు వెతుక్కుంటున్నాడని విన్నాను.

"దానికి ఫోటో ఎందుకు లేదండీ?" అని ఒకసారి అడిగాను.

"అక్కడి మంచు కెమెరాకి లొంగదమ్మా," అన్నారు కార్యదర్శి.

"మరి మా పిల్లకి జలుబు చేస్తే?"

ఆయన గాలి కోసం కిటికీ తలుపు తీయడానికి లేచి వెళ్ళారు.

మా అమ్మాయికి నక్షాలు గీసే పని. గీత గీసే ముందు కొలుస్తుంది, గీశాక మళ్ళీ కొలుస్తుంది. చిన్నప్పుడు బొమ్మ ఇల్లు వెయ్యమంటే మా వంటింటి కిటికీకి పగిలిన అద్దం కూడా వేసింది. చుట్టాలొచ్చినప్పుడు ఆ బొమ్మ దాచేసేదాన్ని. సంఘంలో చేరి చాలాకాలమైంది గానీ ఇంకా తాత్కాలికమే. ఎప్పుడైనా సరే 'రేపటి నుంచి రావద్దు' అనొచ్చు. ఆ మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. ఇప్పుడు సంఘాన్ని ప్రభుత్వంలో కలుపుకుంటారట. వారసత్వ శాఖ అధికారి వచ్చి చూసి, ఎవరిని సరేనంటే వాళ్ళ ఉద్యోగం ఖాయమట.

దానికి ఒక్కటే నియమం. ఖాయం కావలసినవాళ్ళు ఎవరైనా 'ఏకాంత వీక్షణం' చెయ్యాలి. అంటే అడవిలోకి ఒంటరిగా వెళ్ళి, ద్వారం చూసి, వచ్చి అందరి ముందూ వర్ణించాలి. తోడు ఎవరూ వెళ్ళకూడదు. "వారసత్వం ఒకసారి ఒక్కరికే దర్శనమిస్తుంది" అని అధ్యక్షుల వారి సిద్ధాంతం. వర్ణించగానే చప్పట్లు, బిరుదు. సంఘంలో పెద్దలంతా అలా వెళ్ళొచ్చినవాళ్ళే.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన గడియారాలు బాగుచేస్తారు. కంట్లో భూతద్దం పెట్టుకుంటే లోకంలో ఇంకేమీ కనబడదు ఆయనకి.

"అడవండీ! ఒక్కతీ వెళ్ళాలట!"

"వెళ్ళొస్తుంది."

"రాకపోతే?"

"ఎవరైనా తీసుకొస్తారు."

"తీసుకొచ్చేవాడు దొంగైతే?"

ఆయన భూతద్దం తీసి నన్ను కాసేపు చూశారు. "నువ్వు కూడా వెళ్ళు," అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాకిచ్చిన మంచి సలహాలన్నీ ఇంత పొడుగే ఉంటాయి.

వాళ్ళ వ్యాను ఎక్కడానికి నాకు అర్హత కావాలన్నారు. టీ కాచి పెడతానన్నాను. అర్హత దొరికింది.

దారి పొడుగునా పెద్దలు తమ తమ వీక్షణాల గురించి చెప్పారు. వింటుంటే నా చేతి సంచి పట్టీ చెమటకి తడిసిపోయింది. అధ్యక్షుల వారు ద్వారం నడినెత్తికెక్కి ఎత్తు కొలుస్తుంటే ఆయన కళ్ళజోడు పెట్టె జారి అగాధంలో పడిందట. "కొలత పట్టుకోవాలా, పెట్టె పట్టుకోవాలా అన్న ప్రశ్న వచ్చింది. కొలతే పట్టుకున్నాను!" అన్నారు. కార్యదర్శి ద్వారం కింద దోసిట నీళ్ళు పట్టబోతే ప్రవాహం ఎగసి ఫ్లాస్కు మూతని ఎత్తుకుపోయిందట. అప్పటి నుంచీ ఆ ఫ్లాస్కుకి కాగితం ఉండ కుక్కుకుని తిరుగుతున్నారు. ఇక సంఘంలోని కవయిత్రి గారి సంగతి. ద్వారం ముందు ఆవిడకి ఎలుగుబంటి ఎదురైందట. ఆవిడ కన్నీళ్ళతో కవిత చదివిందట. ఎలుగుబంటి మనసు కరిగి, ఆవిడ ఎడమకాలి చెప్పు మాత్రం తీసుకుని వెళ్ళిపోయిందట.

"కరవలేదా అండీ?" అన్నాను.

"కవిత వింది కదమ్మా," అన్నారు ఆవిడ.

"ఏ కవితో మా అమ్మాయికి కూడా రాసివ్వండి," అన్నాను. వేళాకోళానికి కాదు. నిజంగానే అడిగాను.

అమ్మాయి మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "ద్వారం వెడల్పు ఎంతండీ?" అంది. అందరూ ఒక్కసారి నదివైపు తిరిగి దాని అందాన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టారు.

అడవి అంచున పాత గెస్టుహౌసు ఉంది. పొడుగాటి వరండా, పేము కుర్చీలు, వెనక పొగచూరిన వంటగది. అధికారి గారు మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. పెద్ద మనిషి, రేపో మాపో రిటైరయ్యేలా ఉన్నారు. తల నున్నగా ఉంది. ఎండ పడకుండా దాని మీద పేపరు మడిచి పెట్టుకున్నారు.

"మీ శాఖవాళ్ళకి టోపీలిస్తారు కదండీ?" అన్నాను టీ అందిస్తూ. "ఈ ఎండకి కళ్ళు తిరిగి పడిపోతే?"

"ఇచ్చారు. పోయింది."

"ఎక్కడండీ?"

"ఎక్కడో," అని ఆయన టీ ఊదుకున్నారు.

అధ్యక్షుల వారు అందుకున్నారు. "వీరు సామాన్యులు కారు! ఉద్యోగంలో చేరిన కొత్తలో వీరిని ఈ లోయకే పంపారు. రాతి ద్వారం స్వయంగా చూశామని ప్రభుత్వానికి మొట్టమొదట ధ్రువీకరించింది వీరే!"

"అవునవును," అన్నారు అధికారి గారు. "చాలా పెద్దది."

అమ్మాయి బయలుదేరింది. ఒక సైజు పెద్ద బూట్లు, లోపల రెండు జతల మేజోళ్ళు, మెడలో ఈల, జేబులో అగ్గిపెట్టె, ఇంకో జేబులో అది తడిస్తే పనికొచ్చే ఇంకో అగ్గిపెట్టె. అన్నీ నేనే సర్దాను. కాసేపటికోసారి ఈల వెయ్యమని ఒట్టేయించుకున్నాను.

"కన్నా, పులి కనబడితే పరిగెత్తకు."

"పులులు లేవమ్మా ఇక్కడ."

"లేవనే ధీమాతోనే జనం వెళతారు. పులికి కావలసిందీ అదే."

అది నవ్వి, అట్ట, పెన్సిలు, కొలత టేపు చంకన పెట్టుకుని చెట్ల మధ్యకి వెళ్ళిపోయింది. పెద్దలు కుర్చీలు వెనక్కి వాల్చారు. అధ్యక్షుల వారు వారసత్వం గురించి ఒక వాక్యం మొదలుపెట్టి, దాని మధ్యలోనే గురకలోకి దిగారు.

మొదటి ఈల వినబడింది. రెండోది వినబడింది. మూడోది సన్నగా. తరువాత లేదు.

నేను టీ గిన్నె కడిగాను. లేదు. గ్లాసులు కడిగాను. లేదు. కడిగినవే మళ్ళీ కడిగాను. పిట్టలు అరుస్తున్నాయి గానీ నేను కొన్న ఈల మాత్రం అరవడం లేదు.

"అయ్యా! లేవండి! మా అమ్మాయి ఈల ఆగిపోయింది!"

అధ్యక్షుల వారు కళ్ళు తెరిచి, వదిలేసిన వాక్యాన్ని ముగించి, అప్పుడు నావైపు చూశారు. "వీక్షణంలో మునిగి ఉంటుందమ్మా."

"మునిగిందా! ఎక్కడ? ఎంత లోతు?"

"అబ్బే, ఆ మునగడం కాదు..."

"ద్వారం దగ్గరికి దారి ఎటో చెప్పండి. నేను వెళతాను. మీరు ఎక్కి కొలిచారు కదా!"

అధ్యక్షుల వారు ఎగువకి చెయ్యి చూపారు. అదే సమయంలో కార్యదర్శి దిగువకి చూపారు. ఇద్దరూ ఒకరి వేళ్ళు ఒకరు చూసుకుని, మర్యాద కొద్దీ మార్చుకున్నారు. ఇప్పుడు అధ్యక్షుల వారు దిగువకి, కార్యదర్శి ఎగువకి చూపుతున్నారు. కవయిత్రి గారు కళ్ళు మూసుకుని, "దారి మన లోపల ఉంటుంది," అన్నారు.

"అధికారి గారూ, మీరైనా చెప్పండి!"

ఆయన తల మీది పేపరు తీసి చదవడం మొదలుపెట్టారు.

ఇక నిలబడి లాభం లేదనుకున్నాను. టీ గరిట ఒకటి చేత్తో పట్టుకున్నాను. ఎలుగుబంటికి నా దగ్గర కవిత లేదు మరి.

దారి కనుక్కోవడం కష్టమేమీ కాలేదు. ఏళ్ళ తరబడి ఇంతమంది నడిచారు కదా, గడ్డి అరిగిపోయి నున్నగా ఉంది. గుండె చిక్కబట్టుకుని నడిచాను. ప్రతి వేరూ పాములాగే ఉంది. ఒకటి రెండిటికి నమస్కారం కూడా పెట్టాను. అలా నడిచి ఒక మలుపు తిరగ్గానే దారి మధ్యలో ఒక పెద్ద దుంగ అడ్డంగా పడి ఉంది. ఎప్పుడో కూలిన చెట్టు. దాని నడిమి భాగం కూర్చుని కూర్చుని మా ఇంటి గడపలా మెరుస్తోంది. చుట్టూ బిస్కెట్ కాగితాలు, పైన కొత్తవి, అడుగున రంగు వెలిసిపోయినవి.

దారి ఆ దుంగ దగ్గర అయిపోయింది. దారి తప్పడం కాదు. అయిపోవడమే. దుంగకి ఇవతల చీపురుతో ఊడ్చినంత నున్నగా ఉంది. అవతల నడుము లోతు గడ్డి. ఆ గడ్డిలో ఒకే ఒక్క మనిషి నడిచిన జాడ. ఒక సైజు పెద్ద బూట్లు.

నేను అక్కడ నిలబడి ఊపిరి తీసుకుంటుంటే వెనక నుంచి గలగలమని చప్పుడైంది. గరిట ఎత్తి వెనక్కి తిరిగాను. తరువాత తెలిసింది, గెస్టుహౌసులో ఎవరో టీ గ్లాసులు తిరగేస్తున్నారు. అంత దగ్గర!

దుంగ ఎక్కి దిగాను. గడ్డిలోకి దిగుతుంటే ఇక ఇంటి మొహం చూడననే అనుకున్నాను. మా ఆయనకి మందులు ఏ అరలో ఉన్నాయో చెప్పలేదని గుర్తొచ్చింది. కాస్త దూరం పోయేసరికి నీళ్ళ హోరు మొదలైంది. ఇంకాస్త పోయేసరికి చెట్లు పక్కకి తప్పుకున్నాయి.

నది అక్కడ మలుపు తిరుగుతోంది. ఎదురుగా కొండ నిలువునా నీళ్ళలోకి దిగిపోయింది. ఎండ నీళ్ళ మీద పడి ఆ రాతి మీద ఆడుతోంది. ద్వారం లేదు. ఉండడానికి చోటే లేదు. కానీ ఇంత నదిని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. సంఘం వాళ్ళ పుస్తకాల్లో కూడా ఈ మలుపు ఎలా ఉంటుందో ఎవరూ రాయలేదు. ఎందుకు రాయలేదో దుంగని చూశాక అడగక్కర్లేదు.

ఒడ్డున బండ మీద మా అమ్మాయి బోర్లా పడి ఉంది. కదలడం లేదు.

నేను పెట్టిన కేకకి అవతలి గట్టున కొంగలు లేచిపోయాయి. అమ్మాయి తల తిప్పింది. నోట్లో పెన్సిలు ఉంది.

"ఏమ్మా, ఏమైంది?" అంది పెన్సిలు తీసి.

"నాకేమవుతుందే! నీకేమైంది! ఈల ఏమైంది!"

"నోట్లో పెన్సిలు పెట్టుకుని ఈల ఎలా వేస్తానమ్మా? ఆ గరిట ఏమిటి?"

దాన్ని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియక గరిట కింద పెట్టి కూలబడ్డాను. అది నా చెయ్యి పట్టుకుని బండ అంచున ఒక చోట పెట్టింది. రాతిలో నున్నటి గాటు. వేలు మొత్తం దిగింది. పక్కన ఇంకొకటి. అలా వరసగా బండ అంచు పొడుగునా ఉన్నాయి.

"తాళ్ళ గాట్లమ్మా. పాతకాలంలో పై అడవిలో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి నీళ్ళలో వదిలేవాళ్ళు. మలుపులో కొండకి కొట్టుకోకుండా ఇక్కడ నిలబడి తాళ్ళతో పట్టి ఆపేవాళ్ళు. తాడు ఒరిసి ఒరిసి రాయి అరిగింది."

"తాడుకి రాయి అరుగుతుందా?"

"తాత పట్టి, కొడుకు పట్టి, మనవడు పడితే అరుగుతుంది."

నేను ఆ గాట్లోంచి వేలు తీయకుండా కూర్చున్నాను. ఆ హోరులో, ఆ అంచున నిలబడి తాడు పట్టినవాళ్ళ తల్లులు ఎక్కడ నిలబడి చూసేవాళ్ళో అనిపించింది. వాళ్ళకి ముద్ద ఎలా దిగేదో.

"మరి ద్వారం?" అన్నాను కాసేపటికి.

"లేదమ్మా. మలుపు దాకా, పైన కొండ దాకా చూశాను. ఎప్పుడైనా ఉన్న గుర్తు కూడా లేదు."

పులి రాలేదు, రాయి పడలేదు, నీళ్ళలో కొట్టుకుపోలేదు. అసలు ప్రమాదం ఇప్పుడొచ్చింది.

"చూశానని చెప్పెయ్ తల్లీ."

"అమ్మా!"

"నీ కాళ్ళు పట్టుకుంటాను. అందరూ చెప్పారు, నీ సొమ్మేం పోయింది? కళ్ళు మూసుకుని 'అబ్బా' అను. మిగతాది వాళ్ళే అల్లుకుంటారు. ఉద్యోగం ఖాయమయ్యాక నిజం ఎంతైనా చెప్పుకో."

"ఎత్తెంత అంటే?"

"నిరుటికంటే ఒక మూర ఎక్కువ చెప్పు."

అది నావైపు చూసిన చూపుకి నేను గరిట తీసుకుని లేచాను.

తిరిగి వస్తూ దుంగ దగ్గర ఆగాము. అమ్మాయి దాన్ని కూడా గీస్తానంది. అది దుంగ కొలుస్తుంటే నేను ఊరికే ఉండలేక చుట్టూ ఎండుటాకులు సర్దాను. ఇల్లయినా అడవైనా నాకు చెత్త చూస్తే చెయ్యి ఆగదు. ఆకుల కింద వస్తువులు దొరికాయి. పాపం ఎవరు పారేసుకున్నారో అని అన్నీ దులిపి చేతి సంచిలో వేసుకున్నాను. దుంగ తొర్రలో ఇంకొకటి, మడత పెట్టి దోపినట్టుగా దొరికింది. అదీ వేసుకున్నాను.

వరండాలో అందరూ కుర్చీలు సర్దుకుని కూర్చున్నారు. అధికారి గారు పెన్ను తీశారు. అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు.

"చిరంజీవీ! కళ్ళు మూసుకుని చెప్పు! రాతి ద్వారం ముందు నిలబడ్డ ఆ క్షణాన నీకేమనిపించింది?"

అమ్మాయి కళ్ళు మూసుకోలేదు. నేను మూసుకున్నాను.

"ద్వారం లేదండీ," అంది. "నది మలుపు దగ్గర తెప్పల వాళ్ళ తాళ్ళ గాట్లు ఉన్నాయి. చాలా పాతవి. గీసుకొచ్చాను."

"గాట్లా? ఎంత ఎత్తు?" అన్నారు కార్యదర్శి.

"ఎత్తుండదండీ. వేలు దిగేంత లోతు."

"నమూనా చెయ్యడానికి రాదు," అన్నారు కార్యదర్శి దిగులుగా.

అధ్యక్షుల వారు చేతులు కట్టుకున్నారు. "నువ్వు చివరిదాకా వెళ్ళలేదన్నమాట. భయపడి సగంలో తిరిగొచ్చావు. అధికారి గారూ, సంఘంలో ఇందరు పెద్దలు చూశారు, తమరు స్వయంగా చూశారు. ఈ అమ్మాయి ఒక్కతీ లేదంటుంది! చూడనివాళ్ళని చూసినవాళ్ళ మధ్య ఎలా ఉంచుకుంటాం? రేపటి నుంచి..."

"ఆగండి!" అన్నాను. ఆ మాట పూర్తిగా వినే శక్తి నాకు లేదు. ఆయన నోటికి అడ్డంగా పెట్టడానికి నా దగ్గర చేతి సంచి తప్ప ఇంకేమీ లేదు. దాన్ని బల్ల మీద బోర్లించాను. "ఉద్యోగం సంగతి తరువాత చూద్దురు గాని, ముందు మీ వస్తువులు మీరు తీసుకోండి! ఇంటికెళ్ళాక మళ్ళీ ఎవరిదెవరిదో తెలియక గొడవవుతుంది!"

బల్ల మీద ఒక ఫ్లాస్కు మూత దొర్లింది. కార్యదర్శి ఆలోచించలేదు పాపం. ఇన్నేళ్ళు కాగితం ఉండతో అవస్థ పడ్డ మనిషి. కాగితం పీకి, మూత పెట్టి తిప్పారు. సరిగ్గా బిగిసింది. ఆ బిగిసిన చప్పుడు అందరికీ వినబడింది.

ఎడమకాలి చెప్పు నేల మీద పడింది. కవయిత్రి గారు దాని వంక చూడకుండా అడవి వంక చూస్తున్నారు. కాలు మాత్రం వేసుకున్న చెప్పు వదిలి, తనంతట తానే అందులోకి వెళ్ళింది.

"అరె! నా పెట్టె!" అని అధ్యక్షుల వారు కళ్ళజోడు పెట్టె గుండెకి హత్తుకున్నారు. "మా ఆవిడ కొనిచ్చిందమ్మా! ఇన్నేళ్ళుగా ఇంట్లో దెప్పుతూనే ఉంది! ఎక్కడ దొరికింది?"

"దుంగ వెనకాలండీ."

"ఏ దుంగ?" అన్నారు ఆయన, సంతోషంలో ఇంకా తేరుకోక.

"టీ గ్లాసుల చప్పుడు వినబడుతుందే, ఆ దుంగ."

అప్పుడు తేరుకున్నారు. పెట్టెని మెల్లగా బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి మాత్రం అలాగే ఉంచారు. వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ చూపులో సిగ్గుకంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. మిగతావాళ్ళంతా చూశారు, తామొక్కరే చూడలేదు అనుకుని ఎవరికి వారు ఇన్నేళ్ళూ బిక్కుబిక్కుమంటూ గడిపారు కాబోలు.

సంచి అడుగున ఇంకొకటి మిగిలింది. దులిపి బల్ల మధ్యలో పెట్టాను. టోపీ. పాతది, అంచులు చివికిపోయాయి. ముందువైపు వారసత్వ శాఖ బిళ్ళ ఇంకా మెరుస్తోంది.

"ఇదొక్కటి తొర్రలో దొరికింది," అన్నాను. "ఎవరిదండీ?"

అధ్యక్షుల వారు పైకప్పు చూశారు. కార్యదర్శి ఫ్లాస్కు చూశారు. కవయిత్రి గారు జత కుదరని రెండు చెప్పులూ చూసుకున్నారు. నున్నటి తల వైపు మాత్రం ఎవరూ చూడలేదు. గాలికి పేపరు జారి కింద పడితే ఎవరూ తియ్యలేదు. అంత నిశ్శబ్దంగా ఉంటే మలుపు దగ్గర నది హోరు వరండా దాకా వినబడుతుందని అప్పుడే తెలిసింది. ఆ చప్పుడు ఇన్నేళ్ళూ వస్తూనే ఉండి ఉంటుంది. ఉపన్యాసాల్లో ఎవరికి వినబడుతుంది? అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అది వద్దంటుందో కానిమ్మంటుందో తెలియలేదు గానీ, నాకు మాత్రం రాగల ఉపద్రవాలన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి.

పెన్నుకి మూత పెట్టిన చప్పుడైంది. అధికారి గారు చెయ్యి చాపి టోపీ అందుకున్నారు. బిళ్ళ మీది మట్టి బొటనవేలితో తుడిచారు. తుడిచి, ఒడిలో పెట్టుకుని, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"నాదేనమ్మా," అన్నారు చివరికి. "అప్పుడు కొత్త. భయమేసి దుంగ దగ్గరే ఆగిపోయాను. ఆ దుంగ దాటి ఎటు వెళ్ళాలో మీ అమ్మాయినే చూపించమనండి."